మూడో పిలుపు

పోయినవారం నన్ను ఎక్కడ వదిలేశారో మీరు మర్చిపోయి ఉండొచ్చు. నేను మర్చిపోలేదు. న్యూమెక్సికో కొండల్లో, రీతో ఆల్తో అనే ఊళ్ళో, ఎలోయీసా అనే ముసలావిడ వంటింటి గుమ్మంలో నిలబడి, మేకుకి వేలాడుతున్న మా ఆయన కోటు కేసి చూస్తున్నాను. నీలం కోటు. కుడి జేబు చిరిగితే నేనే కుట్టాను. ఏదో ఎయిర్‌పోర్టులో పోయిందని చెప్పి, ఇరవై ఏళ్ళ క్రితమే నా చేత కొత్తది కొనిపించారు.

కొత్తగా చదివేవాళ్ళ కోసం రెండు ముక్కలు. నా పేరు జానకీదేవి. డెబ్భై మూడేళ్ళు. డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉంటాను. ముప్ఫై నాలుగేళ్ళు పెథాలజిస్టుగా పనిచేశాను. అంటే గాజుపలక మీద గోరంత కండ పెట్టి చూసి, లోపల రోగం ఏమిటో చెప్పడం నా వృత్తి. అలాంటిదాన్ని, నా పక్కన పడుకున్న మనిషి ప్రతి ఏప్రిల్లోనూ వారం రోజులు 'కాన్ఫరెన్స్' అని చెప్పి ఎక్కడికి వెళ్తున్నారో పాతికేళ్ళు కనిపెట్టలేకపోయాను. ఆయన పేరు పద్మనాభం, నీటిపారుదల ఇంజనీరు. పోయి రెండేళ్ళ నాలుగు నెలలైంది.

మొన్న జనవరిలో ఈ ఊరి కాలువ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. మా ఆయనకి ఇక్కడ అరెకరం నేల, కాలువలో ఒక నీటి వాటా ఉన్నాయట. ఏటా ఏప్రిల్లో కాలువ పూడిక తీసే రోజున వాటాదార్ల పేర్లు పిలుస్తారట. చనిపోయిన మనిషి పేరు కూడా రెండేళ్ళు పిలుస్తారు. మూడో ఏడు ఇంటివాళ్ళు ఎవరు పలికితే వాటా వాళ్ళది. మూడుసార్లు పిలిచినా ఎవరూ పలక్కపోతే పేరు కొట్టేస్తారు. వాటా వద్దనుకుంటే ఉత్తరంతో పంపిన కాయితం మీద సంతకం పెట్టి ఇచ్చెయ్యొచ్చు.

పక్క ఊరు నోవైలో ఉన్న మా అబ్బాయి అనూప్‌కి చెబితే, "ఆ లెటర్ నాకిచ్చెయ్ అమ్మా, నేను హ్యాండిల్ చేస్తా" అన్నాడు. ఇవ్వలేదు. మా ఆడపడుచు కూతురు రచన దగ్గరికి రెడ్‌మండ్ వెళ్తున్నానని వాడికి అబద్ధం చెప్పి, ఆ రచననే వెంటబెట్టుకుని ఇక్కడికొచ్చాను. ఆ కాయితం మీద సంతకం పారేసి, మా ఆయన్ని పాతికేళ్ళు రప్పించుకున్న ఆడది ఎవరో మొహం చూసి పోదామని.

ఆ మొహం ఇదిగో, నా ఎదురుగా ఉంది. అరవై తొమ్మిదేళ్ళ మొహం, ఎండకి బాగా కాగిన మొహం.

"కాఫీ కావాలా, కోటు కావాలా?" అంది ఎలోయీసా.

"సమాధానం కావాలి" అన్నాను.

ఆవిడ గోడకున్న తాళాల గుత్తి తీసింది. "అయితే బూట్లు వేసుకోండి. ఇక్కడ కూచుంటే మీకు అర్థం కాదు."

ఈ ఊరు చూడటానికి వచ్చేవాళ్ళకి అన్నీ తిప్పి చూపించేది ఈవిడేనట. రచన అప్పుడే ఫోన్‌లో వెతికేసింది. "అత్తయ్యా, ఈవిడ మీద ఎన్ని రివ్యూస్ ఉన్నాయో! ఫోర్ పాయింట్ ఎయిట్. చర్చ్, టవర్, మిల్, స్ప్రింగ్, అన్నీ కవర్ చేస్తారట."

"నా కాపురానికి కూడా నువ్వే రేటింగ్ ఇచ్చెయ్యవే" అన్నాను. పాపం, మొహం ముడుచుకుని ఫోన్ జేబులో పెట్టుకుంది.

మొదట చర్చి. మనిషి బారెడు మందం మట్టి గోడలు. దగ్గరికెళ్ళి చూస్తే గోడ నిండా వేళ్ళ గుర్తులు, అర్ధచంద్రాల్లా ఒకదాని మీద ఒకటి. ఏటా జూన్‌లో ఊళ్ళో ఆడవాళ్ళంతా చేరి, మట్టిలో గోధుమ గడ్డి కలిపి తొక్కి, చేతులతో మెత్తుతారట. పైపూత మగవాళ్ళ చేత వేయించరట, వాళ్ళకి ఓపిక ఉండదని. మా అమ్మమ్మ అరుగు అలికేటప్పుడు చెయ్యి అచ్చం అలాగే తిరిగేది. కానీ నేను అలాంటివి తలుచుకుని మెత్తబడటానికి రాలేదు.

"ఏటా చెయ్యాలా?" అంది రచన.

"ఏటా. మా నాన్న వయసులో ఉన్నప్పుడు ఒకసారి సిమెంటు పూశారు, ఇక జన్మలో పని ఉండదని. లోపలి తడి బయటికి రాలేక గోడ కుళ్ళింది. పదిహేనేళ్ళకి ఉత్తరపు గోడ కూలింది. మళ్ళీ మట్టికే వచ్చాం."

ఆ మాట అంటూ నాకేసి ఎందుకు చూసిందో అప్పుడు అర్థం కాలేదు.

తరవాత బురుజు. వెనకటి రోజుల్లో ఊరి మీద దాడులు జరిగినప్పుడు పిల్లల్నీ గొర్రెల్నీ అందులో పెట్టి తలుపేసుకునేవాళ్ళట. గుండ్రటి రాతి కట్టడం, రెండంతస్తులు. మోకాళ్ళు మొరాయిస్తున్నా పట్టుదలకి పైకెక్కాను. చుట్టూ మంచు కప్పిన శిఖరాలు, నల్లటి పైన్ అడవి. వాటి కింద, కొండ నడుముకి చుట్టినట్టుగా, చెట్ల వరస ఒకటి వంకర్లు తిరుగుతూ పోతోంది. వరసకి పైన అంతా ఎండిపోయిన గోధుమరంగు. కింద అంతా ఆపిల్ తోటలు, పచ్చిక.

"అదే కాలువ" అంది ఎలోయీసా. "రెండువందల డెబ్భై ఏళ్ళ కిందట చెక్క పారలతో తవ్వారు. అది లేకపోతే ఈ ఊళ్ళో చూడటానికి మీకు ఈ బురుజు కూడా ఉండేది కాదు."

నిజం చెప్పాలంటే బావుంది. ఈ మనిషి నన్ను ఒక్కసారి ఇక్కడికి తీసుకొస్తే ఏం పోయింది అనిపించి, ఒళ్ళు మండింది.

మూడోది పిండిమర. దుంగలతో కట్టిన చిన్న గది, లోపల ఒకే ఒక తిరగలి రాయి. రాయి మీద దుమ్ము మందంగా పేరుకుంది.

"ఎప్పుడు ఆగింది?" అని అడిగాను.

"ఎనభై నాలుగులో."

మర పక్కనుంచి కాస్త పైకెళ్తే పొదల మధ్య పల్లం. అక్కడ ఒకే రాతిలో తొలిచిన తొట్టి, పక్కన నీళ్ళు ముంచుకోవడానికి వంగేవాళ్ళ మోకాళ్ళు తగిలి నున్నగా అరిగిపోయిన బండ. తొట్టి నిండా ఎండుటాకులు.

రచన నెమ్మదిగా చెప్పింది. "ఇదే స్ప్రింగ్. పర్మనెంట్లీ డ్రై, డోంట్ వేస్ట్ యువర్ టైమ్ అని ఒకడు వన్ స్టార్ ఇచ్చాడు."

"వాడి తప్పు లేదు" అంది ఎలోయీసా. బండ మీద కూచుని, నాకూ చోటు చూపించింది. నేను కూచోలేదు. "రెండు వందల ఏళ్ళు ఊరంతా తాగిన ఊట ఇది. ఈ నీళ్ళతోనే మర తిరిగేది. దీన్ని ఎండగట్టింది మీ ఆయన."

నాకు కోపం రావడానికి ఒక్క క్షణం కూడా పట్టదు. "ఏం మాట్లాడుతున్నారు? మా ఆయన న్యూమెక్సికోలో కాలువ కట్టారు! మా హాల్లో ఫొటో ఉంది!" అన్నాను.

అన్నాక గాని తట్టలేదు. ఆ ఫొటో కింద 'న్యూమెక్సికో, 1979' అని ఉంటుంది. బెల్‌బాటమ్ ప్యాంటు, మెడలో టేపు, వెనకాల తెల్లగా మెరిసే సిమెంటు కాలువ. ఏ ఊరండీ అని నేను ఏనాడూ అడగలేదు. కొండల్లో కాలువ అని చెప్పుకోవడానికి ఊరి పేరుతో పనేముంది?

"ఆ కాలువే" అంది ఎలోయీసా.

ఆమె చెప్పింది ఇది. మా ఆయనకి అప్పుడు ముప్ఫై ఒకటి. డెట్రాయిట్ కంపెనీ పంపిస్తే పరికరాలు మోసుకొచ్చి వారం రోజులు నీళ్ళు కొలిచారు. పైన పది బకెట్లు వదిలితే చివరికి ఆరే చేరుతున్నాయని తేల్చారు. మిగతా నాలుగూ మట్టి తాగేస్తోంది, సిమెంటు వెయ్యాలి అన్నారు. ఎలోయీసా వాళ్ళమ్మ చెప్పిందట: పోయిన నీళ్ళు పోలేదు నాయనా, అవి ఊటకి వెళ్తాయి అని. మా ఆయన మర్యాదగా నవ్వి, నోట్‌బుక్ మూసేశారట. రెండు వేల అడుగుల మేర సిమెంటు పడింది. రెండేళ్ళు పొలాలకి నీళ్ళు పుష్కలం. మూడో ఏడు మర నెమ్మదించింది. ఐదో ఏడు ఆగిపోయింది.

నేను అప్పుడు కూచున్నాను. కంభం చెరువు కింద పుట్టిన మనిషి ఆయన. చెరువులో నీళ్ళుంటేనే కింద బావులు ఊరతాయని అక్కడ గేదెలు కాసుకునేవాడికి కూడా తెలుసు. ఆ సంగతి నాకు పెళ్ళైన కొత్తలో ఆయనే చెప్పారు. అమెరికాలో చదివిన చదువు చిన్నప్పుడు కళ్ళారా చూసినదాన్ని తుడిచేసింది.

"ఈ సంగతి ఆయనకి ఎప్పుడు తెలిసింది?"

"తొంభై ఏడులో. ఏదో కాన్ఫరెన్స్‌కి వచ్చి, తన కాలువ చూసుకోవాలని కెమెరా మెళ్ళో వేసుకుని ఉత్సాహంగా వచ్చాడు. నేనే తిప్పి చూపించాను, ఇవాళ మీకు చూపించిన వరసలోనే. మీరు కూచున్నచోటే కూచున్నాడు. సాయంత్రం దాకా లేవలేదు. మరుసటి ఏప్రిల్లో గడ్డపార పట్టుకుని వచ్చాడు."

కాలువ మీద చెయ్యి వెయ్యాలంటే వాటాదారై ఉండాలి. అందుకని ఎలోయీసా భర్త దగ్గర అరెకరం కొన్నారు. పూడిక తీసే రోజున కాలువ పెద్ద ఒక్కొక్కరికీ పార కర్రతో కొలిచి ఇంత పొడుగని వాటా ఇస్తాడు. అందరూ తమ ముక్కలో మట్టి ఎత్తిపోసి ఇంటికెళ్తే, ఈయన తన ముక్కలో తన సిమెంటునే పగలగొట్టేవారట. తక్కినవాళ్ళకి ఒక్కరోజు పని, ఈయనకి వారం. ఏడాదికి డెబ్భై ఎనభై అడుగులు.

"ఎక్స్‌కవేటర్ పెడితే వన్ డేలో అయిపోయేది కదా!" అంది రచన ఆగలేక.

"మేమూ అన్నాం. మెషీను దిగితే గట్టు తెగుతుంది, చెట్ల వేళ్ళు పోతాయి అన్నాడు. అది నిజమే. కానీ గట్టు ఇంకా గట్టిగా ఉన్నా ఆయన మెషీను తెప్పించేవాడు కాదనుకుంటాను." నా వైపు తిరిగింది. "వచ్చినప్పుడల్లా మా మేడమీది గదిలో ఉండేవాడు. పని బట్టలు, కోటు ఇక్కడే వదిలేసి వెళ్ళేవాడు. మా ఆయన పోయాక రెండేళ్ళు వేరే ఇంట్లో దిగాడు, ఊళ్ళో నన్నేమైనా అంటారని. మీరు అడగలేదు గానీ, మీరు అడగడానికే వచ్చారు."

సిగ్గేసింది. లేని దొంగని వెతుక్కుంటూ వచ్చినట్టయింది నా పని.

ఎలోయీసా తొట్టిలోని ఆకులు పక్కకి తోసి, నా చెయ్యి పట్టుకుని అడుగున ఆనించింది. చల్లగా తగిలింది. వేళ్ళకి బురద అంటింది.

"మూడేళ్ళుగా తడి ఉంటోంది. ఇంకా నూరడుగుల సిమెంటు కూడా లేదు. సరిగ్గా ఈ పల్లానికి ఎగువన ఉన్న ముక్కే మిగిలింది. రేపు మీరు ఆ కాయితం మీద సంతకం పెడితే మీ వాటా పోతుంది, ఆ ముక్క ఇంకొకరికి వెళ్తుంది. వాళ్ళు మట్టి ఎత్తిపోసి ఇంటికి పోతారు. సిమెంటు అలాగే ఉంటుంది. మాలో చాలామందికి అది ఉండటమే ఇష్టం. పొలాలకి నీళ్ళెక్కువ వస్తాయి కదా."

వేళ్ళకంటిన బురద బండకి రాశాను. కోవిడ్ వచ్చిన ఏడు ఏప్రిల్లో ఆయన ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరిగారు. కూచోండి, తల తిరుగుతోంది అని కసిరాను. ఎందుకు తిరుగుతున్నారో ఇప్పుడు తెలిసింది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. "నలభై ఏడేళ్ళు కాపురం చేశాను. మీకు చెప్పినది నాకు చెప్పడానికేం?"

ఎలోయీసా తాళాల గుత్తి ఒళ్ళో పెట్టుకుంది. "నేనూ అడిగాను. మీ ఇంట్లో ఆ ఫొటో ఉందన్నాడు. ఎవరొచ్చినా మీరు వాళ్ళని దాని ముందు నిలబెట్టి చెబుతారట. మీరు అంత సంతోషంగా చెప్పే సంగతి ఇంకొకటి లేదట. ఈసారి వెళ్ళగానే చెప్పేస్తాను అనేవాడు, ప్రతి ఏడూ వెళ్ళేటప్పుడు. మళ్ళీ ఏడు వచ్చినప్పుడు నేను అడిగేదాన్ని. ఫొటో ఇంకా ఉంది అనేవాడు."

నిజమే. ఇంటికి డాక్టర్లు వచ్చినా, గుళ్ళో పరిచయమైనవాళ్ళు వచ్చినా, మొదట అక్కడికే తీసుకెళ్ళేదాన్ని. "మీరే చెప్పండి ఆ కాలువ సంగతి" అనేదాన్ని. ఆయన ఐసు తెస్తానని లేచి వంటింట్లోకి వెళ్ళేవారు. ఎంత వినయమో అనుకుని మురిసిపోయేదాన్ని.

అదొక్కటే అయితే సరిపెట్టుకుందును. ఒకసారి నా స్నేహితురాలు చాముండేశ్వరి వాళ్ళింటికి వెళ్తూ ఆయన ఎగ్జిట్ మిస్సై, మమ్మల్ని పక్క రాష్ట్రం ఒహాయో దాకా తీసుకుపోయారు. ఆ కథని పదేళ్ళు ప్రతి పార్టీలోనూ చెప్పాను, నవ్వించడానికి. అందరితోపాటు ఆయనా నవ్వేవారు. దారి తప్పితేనే పదేళ్ళు చెప్పిన మనిషి, ఊరి నీళ్ళు ఎండగట్టానంటే ఏం చేస్తుందో అనుకుని ఉంటారు. చాలా బాధ కలిగింది. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు.

"అయినా ఈ రెండేళ్ళూ ఆ పేరుకి ఎవరూ పలక్కుండా పోలేదు కదా" అంది ఎలోయీసా లేస్తూ. "మీరే పంపుతున్నారనుకున్నాం."

"ఎవర్ని?"

"పొడుగ్గా ఉంటాడు. ఎడమచేతి వాటం. పోయినేడు వాన పడుతున్నా కళ్ళజోడు తుడుచుకోకుండా సిమెంటు కొట్టాడు. తండ్రి కోటే వేసుకుంటాడు."

అనూప్. టెక్సాస్‌లో సప్లయర్ ఆడిట్ అన్నాడు పోయిన ఏప్రిల్లో. అంతకు ముందు ఏప్రిల్లోనూ అదే ఆడిట్.

నేను రచన వైపు తిరిగాను. "నీకు తెలుసా?"

"నో, అత్తయ్యా! ప్రామిస్!" కళ్ళు పెద్దవి చేసింది. తరవాత బూటుతో ఎండుటాకులు కదుపుతూ, "కానీ తెలిసినా మీకు చెప్పేదాన్ని కాదేమో" అంది.

"ఎందుకే?"

"మీరు కొంచెం... స్కేరీ అత్తయ్యా. మావయ్య కూడా మా అమ్మకి ఫోన్ చేస్తే ఏ విషయమైనా, మీ వదినకి చెప్పకు అనేవారు."

ఇంకొకప్పుడైతే దానికి తగిన సమాధానం చెప్పి ఉందును.

మర్నాడు శనివారం. ఉదయం ఎనిమిదింటికి కాలువ మొదట్లో, తూము దగ్గర, నలభై మంది దాకా చేరారు. గడ్డి మీద ఇంకా మంచు ఉంది. అందరి చేతుల్లోనూ పారలు. కాలువ పెద్ద పేరు డెల్ఫీనో, మన వైపు నీరుగంటి లాంటివాడు. ఎవరి పొలానికి ఎప్పుడు నీళ్ళు అన్నది అతని మాటే. చెవి మీద పెన్సిల్, చేతిలో పేర్ల కాయితం.

ఎలోయీసా నాకొక పార ఇచ్చింది. సంతకం పెట్టని కాయితం నా సంచీలో ఉంది. పెట్టబోవడం లేదు. నేనే పలుకుతాను, గడ్డపార ఎత్తలేకపోతే మనిషిని పెట్టి కొట్టిస్తానని రాత్రే రచనకి చెప్పాను. క్లాసులోనూ ఆస్పత్రిలోనూ ఇంట్లోనూ ముందు పలికేదాన్ని నేనే. ఇక్కడ మాత్రం ఆగుతానా?

పేర్లు మొదలయ్యాయి. పిలిచినవాళ్ళు 'ఉన్నా' అని పార పైకెత్తుతున్నారు. పది పేర్లయ్యాక రోడ్డు మీద అద్దె కారొకటి ఆగింది. పొడుగాటి మనిషి దిగి, డిక్కీలోంచి గడ్డపార తీసి, గబగబా దిగి వచ్చి గుంపు అవతలి పక్కన నిలబడ్డాడు. రొప్పుతున్నాడు. కళ్ళజోడుకి ఆవిరి పట్టింది.

"పద్మనాభం" అన్నాడు డెల్ఫీనో.

అనూప్ పలకబోతూ తలెత్తాడు. నన్ను చూశాడు. నోరు మూసుకున్నాడు.

వాడి చూపు నాకు బాగా తెలుసు. చెప్పాలా, వద్దా, ఇవాళ అమ్మ ఎలా ఉంది అని అంచనా వేసుకునే చూపు. వాళ్ళ నాన్నదీ అదే చూపు. ఇన్నేళ్ళూ దాన్ని గౌరవం అనుకున్నాను.

"పద్మనాభం" అన్నాడు డెల్ఫీనో రెండోసారి, నా వైపు తిరిగి.

"అత్తయ్యా, చెప్పండి!" రచన నా మోచెయ్యి గిల్లింది.

మాట నాలిక చివర ఉంది. అనేస్తే వాటా నాదవుతుంది. వీడు 'సారీ అమ్మా' అని తలొంచుకుని, నా వెనకాలే వచ్చి, నేను చూపించినచోట సిమెంటు కొట్టి ఇంటికొస్తాడు. మళ్ళీ ఏడాది ఇంకో ఆడిట్ పేరు చెబుతాడు. ఈ ఒక్కటీ వాడు నా మొహం చూస్తూ, నోరు తెరిచి చెప్పాలి. నేను పెదాలు బిగించి పట్టుకున్నాను.

తూము కింద సన్నగా నీళ్ళు కారుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"పద్మనాభం." మూడోసారి.

వాడు నాకేసే చూస్తున్నాడు, నేను పలుకుతాననే నమ్మకంతో. నేను వాడికేసి చూస్తున్నాను. డెల్ఫీనో ఇద్దరివంకా ఒకసారి చూసి, చెవి మీది పెన్సిల్ తీసి కాయితం మీద ఆనించాడు.